అంకారావు మాష్టారు లెక్కలో దొరికిపోయిన సంగతి

మా బడి ఉన్న ఊరి పేరు చెప్పను. చెబితే మా హెడ్మాష్టారు నన్ను స్టాఫ్ రూములో ప్రశాంతంగా కూర్చోనివ్వడు. రొంపిచెర్ల నుంచి బస్సులో ఇరవై నిమిషాలు, చుట్టూ మిర్చి చేలు. అంత తెలిస్తే చాలు. అక్కడ నేను లెక్కలు చెబుతాను, అంకారావు సోషల్ చెబుతాడు. లెక్కలు నా సబ్జెక్టే అయినా, పొద్దస్తమానం ఏదో ఒకటి లెక్కపెడుతూ ఉండేది మాత్రం ఆయనే.

పెళ్ళికి వెళితే మొదటి బంతిలో ఆడవాళ్ళెంతమంది కూర్చున్నారో చూస్తాడు. ఆఖరి బంతి దాకా ఉండి, అందులో కూర్చున్న ఆడవాళ్ళకు ఏ కూర మిగిలిందో వంటవాళ్ళను అడుగుతాడు. సొంత బావమరిది పెళ్ళిలోనూ ఇదే పని చేసి, అత్తగారి వైపు వాళ్ళతో రెండేళ్ళు మాటల్లేకుండా చేసుకున్నాడు. "అన్నాల కాడ ఈ ఎంక్వయిరీ ఏందయ్యా" అని ఆయన భార్య సీతారావమ్మ నెత్తి కొట్టుకుంది.

అలాగని ఆయన లెక్కలన్నీ గాలికి పోలేదు. మూడేళ్ళ కిందట కాలనీ వాళ్ళు గ్రామసభలో నీళ్ళు రావడం లేదని మొరపెట్టుకుంటే, మీరే వృథా చేసుకుంటున్నారని పెద్దమనుషులు కొట్టిపారేశారు. అంకారావు వారం రోజులు తెల్లవారుజామునే లేచి, వీధి వీధీ తిరిగి, కుళాయి ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు ఆగిందో రాసుకొచ్చాడు. మా వీధిలో యాభై నిమిషాలు, కాలనీలో పన్నెండు. ఆ కాగితం పంచాయతీ ముందు చదివి వినిపించాడు. వాల్వు మార్చారు. కాలనీకి నీళ్ళు పెరిగాయి, మాకు తగ్గాయి. అందుకు మా ఆవిడ ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

"అరుచుకుంటే గొంతున్నోడు గెలుస్తాడు రాఘవయ్యా. అంకె రాసి ముందు పెడితే ఆడు కూడా చదవాల్సిందే" అంటాడు నాతో. సోషల్ అంటే బట్టీ కొట్టి మార్కులు తెచ్చుకునే సబ్జెక్టని నేను ఆటపట్టించినప్పుడల్లా ఇదే జవాబు.

పోయిన వేసవికి ముందు తొమ్మిదో తరగతి పిల్లలకు పుస్తకాలు మూసెయ్యమన్నాడు. మన చుట్టూ అందరికీ సమానంగా అందనిది ఏదో ఒకటి చూసుకుని, మూడు వారాలపాటు లెక్కపెట్టి రమ్మన్నాడు. కొందరు రేషను క్యూ లెక్కపెట్టారు, కొందరు ఇంట్లో ఎవరు ఆఖరున తింటున్నారో రాశారు. మొదటి బెంచీ సుమంత్ మాత్రం ఒళ్ళు వంచలేదు. వాడి చార్టు చూసి ఇదేందిరా అని అంకారావు అడిగితే, "ఎండలో ఎక్కడ తిరగమంటారు సార్. కూర్చున్నకాడే లెక్కేశా" అన్నాడు.

వాడు లెక్కపెట్టింది అంకారావునే. పద్దెనిమిది రోజుల్లో సారు రెండు వందల ప్రశ్నలు అడిగితే, అందులో నూట అరవై మూడు మొదటి రెండు వరసలకే. నలభై రెండు మందిలో పదకొండు మందిని ఒక్కసారి కూడా అడగలేదు. పక్కన ఇంకో గడి గీసి, సారు ఎవరికి ఏ పని చెప్పారో కూడా రాశాడు. కిటికీ మూల ఆఖరి బెంచీలో కూర్చునే ఆసియా పేరు ఎదురుగా, ప్రశ్నలు సున్నా, మంచినీళ్ళు పందొమ్మిది. ఎండ ముదిరిన ఒక రోజు రెండుసార్లు పంపారట.

అంకారావు ఆ చార్టు చుట్టి చంకలో పెట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చి కూర్చున్నాడు. టీ చల్లారిపోయినా ముట్టుకోలేదు. నేను చూసి నవ్వాను, దాచడమెందుకు. ఊరందరి తప్పులు రాసే మనిషి తన క్లాసులోనే దొరికిపోతే నవ్వు రాదా. "పిల్ల చేష్టలయ్యా, చించి అవతల పారెయ్" అన్నాను.

ఆ వారమే ఆసియా వాళ్ళమ్మ జైనాబ్ బీ బడికి వచ్చింది. ఆమె మిషను కుడుతుంది. భర్త నరసరావుపేటలో లారీ మెకానిక్కు. వచ్చే ఏడు పిల్లను టెన్తుకు పంపనని, పరీక్షలయ్యాక తన పక్కన కుట్టుకు కూర్చోబెట్టుకుంటానని చెప్పింది. "నాలుగేళ్ళ నుంచి వస్తన్నా సార్. ఏ సారూ దీని గురించి బాగనీ చెప్పలా, బాగలేదనీ చెప్పలా. దీనికి చదువు రాదనేగా" అంది. హెడ్మాష్టారు రిజిస్టరులోంచి తల ఎత్తకుండా, అంతంత మాత్రమేనమ్మా, మీ ఇష్టం అన్నాడు. అంకారావు ఆ పక్కనే నిలబడి అంతా విన్నాడు.

శనివారం తల్లిదండ్రుల మీటింగు. చార్టులన్నీ వరండాలో కట్టాలి. సుమంత్‌ది మాత్రం కట్టొద్దని, బడి పరువు పోతుందని హెడ్మాష్టారు గట్టిగానే చెప్పాడు. "కాలనీ కుళాయిల కాగితం చదివినప్పుడు పంచాయతీ పరువు పోలేదా సార్" అని అంకారావు దాన్ని అందరికీ కనిపించేట్టు తలుపు పక్కనే కట్టాడు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మీటింగులో ఆయన జైనాబ్ బీని పేరు పెట్టి పిలిచి, చార్టు ముందు నిలబెట్టి చదివి వినిపించాడు. "నీ కూతురికి చదువు రాదని నువ్వనుకుంటున్నావమ్మా. వచ్చో రాదో నాకు తెలవదు. నేను అడిగితేగా తెలిసేది. తప్పు నాది" అన్నాడు.

ఆమె చార్టును పైనుంచి కింద దాకా చూసింది. "నీళ్ళు మొయ్యడానికి బడెందుకు సార్, ఆ పని మా ఇంట్లో చానా ఉంది" అంది. జనం గొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు. "అయితే ఇప్పుడడగండి. నా ముందే అడగండి" అంది.

ఆసియా స్తంభం పక్క నుంచి ముందుకు వచ్చింది. అంకారావు కాస్త తడబడ్డాడు. ఈ చార్టు చూస్తే నీకేం అర్థమైందమ్మా అని అడిగాడు.

ఆ పిల్ల చార్టు దగ్గరికి వెళ్ళి, తన పేరున్న గడి మీద వేలు పెట్టింది. "ఈ లెక్క సగమే సార్" అంది. "సుమంత్ ముందు బెంచీలో కూర్చుంటాడు. మీరెవర్ని అడిగారో వాడికి కనిపిస్తది. ఎనకాల ఎవరు చెయ్యెత్తారో కనిపించదు. అది కూడా రాయాలి."

"అది ఎవరు రాస్తారమ్మా?"

"నేను రాశా సార్. క్లాసులో అందరం లెక్కపెట్టి రావాలన్నారుగా. ఇమ్మని ఎవరూ అడగలా."

సంచిలోంచి నోటుబుక్కు తీసి ఇచ్చింది. మొదటి పేజీ సోషల్. తను చెయ్యెత్తింది పదకొండుసార్లు, తేదీలతో సహా. అంకారావు పైకే చదివాడు. తర్వాత పేజీ తిప్పి, చదవకుండా నా చేతికిచ్చాడు.

లెక్కలు, ఇరవై ఆరు.

పద్దెనిమిది రోజుల్లో ఇరవై ఆరుసార్లు. బోర్డు మీద నేను లెక్క వేసి, ఎవరికి వచ్చురా అని అడిగి, వెంటనే ముందు వరసలో ఒకణ్ణి లేపుతూ ఉంటే, ఆ మూల ఒక చెయ్యి ఇరవై ఆరుసార్లు లేచి దిగింది. నేను చూడలేదు. నాకు నిజంగా సిగ్గేసింది.

జైనాబ్ బీ నా చేతిలోని పేజీ వైపు చూసి, "దీనికి లెక్కలొస్తాయా సార్?" అని అడిగింది.

పాతికేళ్ళుగా బోర్డు ముందు నిలబడుతున్నాను. "తెలవదమ్మా. సోమవారం మొదటి ప్రశ్న దాన్నే అడుగుతా" అన్నాను.

"నేనూ వచ్చి కూర్చుంటా సార్. అడుగుతారో లేదో చూస్తా" అంది.

అన్నట్టే సోమవారం మిషను మూసి వచ్చి, ఆఖరి బెంచీలో కూతురి పక్కనే కూర్చుంది. నేను అడిగాను. ఆసియా లేచి బోర్డు దగ్గరికి వచ్చి, నేను వేసే పద్ధతి కన్నా రెండు మెట్లు తక్కువలో లెక్క తేల్చింది. జైనాబ్ బీకి బోర్డు మీద ఉన్నదేమీ అర్థం కాలేదు. ఆమె బోర్డును చూడలేదు, నా మొహాన్నే చూస్తూ కూర్చుంది. రైటని నేను తల ఊపాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, టెన్తు ఫీజు ఎప్పుడు కట్టాలని అడిగింది.