గుండూ అడిగిన పాత చూడీ

గుండూ, నువ్వు అడిగిన పాత చూడీ దొరికింది రా.

గుండూ అంటే నా కొడుకు నరేందర్. పుట్టినప్పుడు తల గుండ్రంగా, నున్నగా ఉందని మా అత్త పెట్టిన పేరు. మీసాలొచ్చినా ఇంట్లో అదే పేరు. ఫిలింనగర్‌లో సినిమాలకు సామాను కిరాయికిచ్చే గోదాములో పాత మిలటరీ రైఫిళ్లు బాగుచేసేవాడు. భయపడకండి, అవి పేలేవి కావు. గొట్టంలో ఇనుము పోసి మూసేసినవి, అన్ని కాగితాలూ ఉన్నవి. తుప్పు వదిలించి, కర్రకు నూనె పట్టించి, యుద్ధం సీన్లలో సిపాయి చేతిలో నిజంగా నిలబడేలా చేయడం వాడి పని. మొన్న వానాకాలంలో జ్వరమని ఆస్పత్రికి వెళ్లినవాడు మళ్లీ ఇంటికి రాలేదు. దానికి కొద్దిరోజుల ముందు అన్నం తింటూ, "అమ్మా, పాత చూడీ ఒక్కటి దొరకాలె. గది దొరికితే ఇగ నాకు ఫికర్ లేదు" అన్నాడు. చూడీ అంటే మా బోరబండ బస్తీలో గాజు. ఎవరో పిల్ల ఉంది, ఆ పిల్ల చేతికి వేయడానికి ఇంట్లో పాత గాజు అడుగుతున్నాడు, సిగ్గుకు సూటిగా చెప్పడం లేదు అనుకుని లోలోపల మురిసిపోయాను. మా అత్త వెండి గాజు బయటికి తీసి, చింతపండుతో తోమి పెట్టాను. వాడు మళ్లీ అడగనే లేదు.

అందుకే ఈ ప్రయాణం. "వాడి సామాను ఉందమ్మా, వచ్చి తీసుకెళ్లండి" అని గోదాము నుంచి ఫోన్ వస్తే, గాజును కొంగున ముడేసుకుని బయల్దేరాను. ఆ పిల్లెవరో కనుక్కోవాలి. వాడి కోసం నాలాగా ఏడ్చే మనిషి ఈ ఊళ్లో ఇంకొకరుంటే ఆ చేతికి గాజు వేసి రావాలి. నేను చదివింది ఐదో తరగతి. ఇదంతా ఫోన్‌లో మాట్లాడితే అక్షరాలై పడుతోంది. అది నేర్పించిందీ వాడే.

పొద్దున ఎనిమిదింటికి బోరబండలో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. ఆ టైముకు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, తొమ్మిది దాటితే నిలబడాల్సిందే. యూసుఫ్‌గూడలో దిగి ఆటో మాట్లాడాను. నూట యాభై అడిగి నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. డ్రైవర్ పేరు యాదగిరి.

"ఫిలింనగర్ల ఎవరింటికమ్మా? హీరో ఇంటికా?" అన్నాడు అద్దంలో చూస్తూ.

"నా కొడుకు పనిచేసే గోదాముకు బిడ్డా. తుపాకులు బాగుచేస్తడు." 'చేసేవాడు' అనడానికి నోరు రాలేదు.

"అరె, గా తుపాకులు నేను మోసిన! ఆటో లేనినాడు జూనియర్ ఆర్టిస్టుగ పోత. ఒక్క సిన్మాల మూడుసార్లు సచ్చిన."

"మూడుసార్లా?"

"ముఖం కనబడకుంట పండుకోమంటరు, సచ్చినంక టోపీ మార్చి మల్ల లేపుతరు!" యాదగిరి మాటకు నవ్వొచ్చింది. ఎన్నాళ్లయిందో నేను నవ్వి. "కానీ అమ్మా, ఉత్త కట్టెతోని చేసినయ్ ఇస్తే పట్టుకున్నట్టే ఉండది. గా అసలుది చేతికిస్తే వీపు దానంతటదే నిటారుగైతది." ఆ మాట నా కొడుక్కి చెప్పాలనిపించింది. చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినంతసేపూ అదే అనుకుంటూ కూర్చున్నాను.

గోదాము చూసుకునేది సూర్యంగారు, భీమవరం వైపు మనిషి. "రండమ్మా, ముందు మంచినీళ్లు తాగండి" అని లోపలికి తీసుకెళ్లారు. గోడ పొడుగునా రైఫిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. గదిలో నూనె వాసన, మా ఇంట్లో వాడి చొక్కాలకున్న వాసనే. వాడి సంచి చేతికిచ్చారు. అందులో స్క్రూడ్రైవర్లు, తుడిచే గుడ్డ, టిఫిన్ డబ్బా. నేను కొంగు ముడి విప్పి గాజు బల్ల మీద పెట్టాను.

"సూర్యంగారూ, ఎవరండీ ఆ పిల్ల?"

"ఏ పిల్లమ్మా?"

"పాత చూడీ కావాలన్నాడు. ఎవరి కోసమో మీకు తెలిసే ఉంటది."

ఆయన గాజు వంక, నా వంక చూశారు. బల్ల మీద గుడ్డ కప్పిన రైఫిల్ తీసి నా ముందు పెట్టారు. "చూడీ అంటే గాజు కాదమ్మా. మర. లేత్ పనివాళ్లు స్క్రూ మీదుండే చుట్లని చూడీ అంటారు. మీవాడు వెతికింది దీనికండి."

గొట్టాన్ని కర్రకు పట్టి ఉంచే ఇనుప పట్టీ చూపించారు. అందులో స్క్రూ పట్టే చిల్లు, లోపల మరలు తుప్పు తినేసి ఉన్నాయి. "ఇది ఇంగ్లీషువాళ్ల కాలంనాటిదండి, కొలతలన్నీ అంగుళాల్లో. ఇప్పుడొచ్చేవి మిల్లీమీటర్లు. చూడ్డానికి ఒకటే, తిప్పితే కొంచెం వెళ్లి బిగుసుకుపోతుంది. బలవంతం చేస్తే ఉన్న మర కూడా పోద్ది. దీన్ని బాగుచేయాలంటే ఇదే కొలత ట్యాప్ కావాలి."

"ట్యాప్ అంటే నల్లా కదండీ?"

ఆయన నవ్వారు, ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకున్నారు. "ఈ ట్యాప్ వేరమ్మా. వేలెడంత ఉక్కు ముక్క, ఒళ్లంతా పళ్లు. చిల్లులో తిప్పితే మరలు కోస్తుంది. చిల్లు పెద్దది చేసి కొత్త స్క్రూ వేసెయ్యవయ్యా, కెమెరాకేం కనపడుతుంది అన్నామందరం. 'పాతదానికి దాని చూడీనే ఎయ్యాలె సార్, లేకుంటే బాగుచేసినట్టు కాదు' అన్నాడు. మనసొప్పక నేనూ ఇన్నాళ్లు ఆపాను. రేపు పొద్దున ఇది షూటింగ్‌కి వెళ్లాలి. సాయంత్రానికి డ్రిల్ పెట్టించేస్తానండి, తప్పదు."

పిల్ల లేదు. గాజు కోసం చాచిన చెయ్యి ఎక్కడా లేదు. వాడు ఆఖరున అడిగింది ఇనుప ముక్కా అని ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది. అప్పుడు ఆ రైఫిల్ కర్ర మీద చెయ్యి వేశాను. విరిగిన చోట వేరే కర్ర అతికాడట. కళ్లు మూసుకుని తడిమినా అతుకు ఎక్కడో వేలికి తెలియలేదు. వాడు ఇంత పని చేసిన దాని మీద డ్రిల్ పెడతారా?

"వాడు ఎక్కడెక్కడ వెతికాడండీ?"

"రాణిగంజ్ అంతా తిరిగాడు, దొరకలేదు. ఆఖరికి రహమత్ నగర్‌లో జహంగీర్ భాయ్ అని, ఆయన లేత్ షాపులో నమూనాకి పాత స్క్రూ ఇచ్చానన్నాడు. నంబరు మా దగ్గర లేదు."

గాజు మళ్లీ కొంగున ముడేశాను. బయట యాదగిరి టీ తాగుతూ ఉన్నాడు. సంగతి చెబితే గ్లాసు పక్కన పెట్టేశాడు. "ఇయ్యాల శుక్రారం అమ్మా, జుమ్మా నమాజుకు షాపులు బంద్ పెడ్తరు. జల్ది ఎక్కు."

రహమత్ నగర్ గల్లీలోకి ఆటో పోదు. మెయిన్ రోడ్డు మీద దిగి, దారి అడుగుతూ ఎత్తు ఎక్కాలి. పన్నెండు దాటాక షాపు దొరికింది. తెల్లగడ్డం పెద్దమనిషి షట్టర్ సగం దించుతున్నాడు.

"భాయ్, నరేందర్..." అన్నానో లేదో అందుకున్నాడు.

"యాడున్నడు వాడు? చూడీ చూడీ అని నా పానం తోడిండు. తీరా దొరికినంక ఫోన్ ఎత్తడు! నేనేమన్న వాని నౌకర్నా?"

"నేను వాళ్ల అమ్మను భాయ్."

"మంచిగైంది. చెవు పిండి తోల్కరాకపోయినవా అక్కా?"

"వాడు లేడు భాయ్. వానాకాలంల పోయిండు."

ఆయన చెయ్యి షట్టర్ మీదే ఆగిపోయింది. నోట్లో ఏదో చదువుకున్నాడు. తర్వాత షట్టర్ మొత్తం పైకెత్తి, స్టూలు తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. "ఫోన్ ఎత్తకుంటే తిట్టిన అక్కా. రోజూ తిట్టుకుంటనే ఉన్న" అన్నాడు మెల్లగా.

నూనె గుడ్డలో చుట్టిన చెక్క పెట్టె తీశాడు. మూతపడిన ఫ్యాక్టరీలో పనిచేసిన స్నేహితుడి ఇంట్లో దొరికిందట. ట్యాప్, దాని జోడు డై. డై అంటే మధ్యలో చిల్లున్న బిళ్ల, స్క్రూ మీద మర కోసేది. గోడకు తీగతో వేలాడదీసిన గుండూ స్క్రూ తీసి, డైతో పాటు నా చేతికిచ్చాడు. "దీంట్ల తిప్పున్రి. ఉత్త చేత్తోనే పోవాలె. జోరు పెట్టాల్సొచ్చిందంటే గది వేరే చూడీ." తిప్పాను. ఎక్కడా పట్టకుండా చివరిదాకా జారిపోయింది.

సెట్టు ధర పద్దెనిమిది వందలు, సూర్యంగారు ఫోన్‌లోనే పంపించారు. లేవబోతే భాయ్ ఊరుకోలేదు. లోపల్నుంచి వాళ్లావిడ రొట్టెలు, ఖట్టీ దాల్ పంపించింది. "తినిపోవాలె అక్కా. వాడెన్నడు తినలే. తినుమంటే 'పహలే చూడీ, బాద్‌మే రోటీ' అని నవ్వెటోడు." ముందు మర, తర్వాతే రొట్టె అట! చేతులు కడుక్కుంటుంటే కొంగు ముడి తడుస్తోందని గాజు విప్పి నా చేతికే వేసుకున్నాను. వాడు తినని రొట్టె నేను తిన్నాను. పులుపు బాగా కుదిరింది.

మూడింటికి యాదగిరీ నేనూ గోదాములో ఉన్నాం. సూర్యంగారు చిల్లులో నూనె చుక్క వేసి, ట్యాప్‌ను కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు తిప్పుతూ తుప్పంతా బయటికి తీశారు. తర్వాత గుండూ సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి నాకిచ్చారు. "మీరు బిగించండమ్మా." తిప్పుతుంటే గాజు ఇనుముకు తగిలి ప్రతి చుట్టుకూ మోగింది. స్క్రూ తల పట్టీతో సమంగా కూర్చోగానే, "ఇక చాలమ్మా, వాడూ ఇక్కడే ఆపేవాడు" అన్నారు.

ఆ రైఫిల్ ఏ సినిమాలో వస్తుందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ స్క్రూ ఏ కెమెరాకూ కనపడదు. కనపడని చోట కూడా వాడు అబద్ధం పెట్టలేదని నేను కళ్లారా చూశాను. వాడికి పిల్ల దొరకలేదేమో కానీ, వాడి కోసం డ్రిల్ ఆపినవాళ్లు, స్క్రూను గోడకు వేలాడదీసి ఎదురుచూసి తిట్టుకున్నవాళ్లు దొరికారు. గాజు నా చేతికే ఉంది.

పాత రైఫిళ్లు బాగుచేసేవాళ్లు ఇలా మరలు కోసే సామాను వెతుక్కుంటూ రహమత్ నగర్ వస్తే ఒక్క మాట. రైఫిల్ మోసుకు తిరగొద్దు, దాని పాత స్క్రూ ఒక్కటి తెచ్చుకోండి, ఏ సెట్టయినా చేత్తో తిప్పి చూశాకే తీసుకోండి. శుక్రవారం అయితే పన్నెండులోపే రండి. ఎంత తొందర పనైనా సరే, చూడీ తర్వాత. ముందు కూర్చుని కడుపునిండా తినండి.