ఎన్ దగ్గర ఆగిన గొంతు

దయ్యాలను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు. అప్పటి మా మేనేజర్ ఇది చదివితే, ‘ఆవిడకు మొదటినుంచీ భ్రమలే’ అంటాడని తెలుసు. అననివ్వండి. అతను నన్ను అన్నవన్నీ నాకు వరసగా గుర్తున్నాయి. ఇదీ వాటిలో చేరుతుంది.

రెండువేల దశకం మొదట్లో మా కంపెనీ పేట్ బషీరాబాద్‌లో, హైవే పక్కన, కింద టైల్స్ దుకాణం ఉన్న భవనంలో ఉండేది. ఆఫీసులకూ ల్యాబులకూ పెద్ద డిస్కులున్న సర్వర్లు అమ్మేవాళ్లం. వాటితో పాటు ఇచ్చే ప్రోగ్రాముల్లో ఒకటి ఫైల్‌సిస్టమ్ తయారుచేసే టూల్. కొత్త బీరువాలో అరలు బిగించినట్టు, ఖాళీ డిస్కులో ఫైళ్లు పెట్టుకోవడానికి చోటు కడుతుంది. నిండుగా ఉన్న డిస్కు మీద నడిపితే మాత్రం ఉన్నదంతా ఊడ్చేసి కడుతుంది. ఎవరు ఆ కోడ్ మార్చినా, ఆ మార్పును టూల్‌లో కలిపేముందు చదివి తప్పులు చెప్పడం నా పని.

ఆ పని నాకు నేర్పింది సామ్యూల్ గారు. మేడ్చల్ ఆయనది. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేవారు. ఆఫీసులో కమాండ్లు కూడా అదే గొంతుతో చదివేవారు. ఎందుకంటే ఆయన ఒక పద్ధతి పెట్టారు. అసలు డిస్కు మీద టూల్ నడపాల్సి వస్తే, టైప్ చేసినవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. పక్కవాళ్లు తెర చూసి ఒక్కో అక్షరం పైకి చదవాలి. చదవడం పూర్తయ్యేదాకా ఎంటర్ కొట్టకూడదు. “చేతులు ఒళ్లె వెట్టుకో బిడ్డా” అని మొదలుపెట్టి, ప్రతి అక్షరం కొస సాగదీస్తూ చదివేవారు.

ఇంకో అలవాటు కూడా నేర్పారు. టూల్‌కి ఎన్ అనే అక్షరం ఇస్తే, ఏం చేయబోతోందో చూపిస్తుంది కానీ డిస్కును ముట్టుకోదు. ఎఫ్ ఇస్తే, డిస్కులో ఏమున్నా లెక్కచేయకుండా పని కానిచ్చేస్తుంది. కొత్త డిస్కులు కూడా ఒక్కోసారి ఏదో పాత గుర్తుతో వచ్చేవి. ఎఫ్ లేకపోతే టూల్ మొండికేసేది. అందుకని రెండూ కలిపి ఉత్తుత్తిగా ఒకసారి నడిపి చూసుకునేవాళ్లం. ఎన్ మరచిపోతే కొంప మునుగుతుంది కాబట్టి సామ్యూల్ గారు దాన్నే ముందు కొట్టించేవారు. మా దగ్గర పని నేర్చుకున్న అందరి వేళ్లకూ అదే వరస పట్టుబడింది.

కామెర్లు ముదిరి, చివర్లో ఊపిరి ఆడక ఆయన పోయారు. సమాధి దగ్గరికి మేనేజర్ రాలేదు. వస్తానన్నవాళ్లకు సెలవూ ఇవ్వలేదు. తర్వాత కొద్దిరోజులకే, టైమ్ వేస్ట్ అని పైకి చదివే పద్ధతి ఎత్తేశాడు. అతనికి ఇష్టుడైన కిరణ్ అనే ఇంజినీరు క్యాంటీన్‌లో సామ్యూల్ గారి గొంతు అనుకరించి అందరినీ నవ్వించేవాడు. నవ్వినవాళ్లెవరో కూడా నాకు గుర్తే.

ఆ కిరణే టూల్‌లో ఆప్షన్లు చదివే భాగాన్ని తిరగరాశాడు. చూడ్డానికి శుభ్రంగానే ఉంది. కానీ పాత కోడ్‌లో ఎన్ ఎక్కడున్నా సరే, టూల్ డిస్కు జోలికి పోయేది కాదు. కొత్త కోడ్‌లో ఎన్, ఎఫ్‌లలో ఏది చివర వస్తే దాని మాటే చెల్లుతుంది. ఎఫ్ ముందు, ఎన్ తర్వాత ఇస్తే క్షేమం. కిరణ్ పరీక్షించింది ఆ వరసలోనే. ఎన్ ముందు ఇస్తే, అంటే మా అందరి అలవాటు ప్రకారం కొడితే, ఉత్తుత్తి కాస్తా అసలైపోతుంది.

ఇది ఒప్పుకోనని రాశాను. మేనేజర్ నా సీటు దగ్గరకొచ్చి, అందరూ వినేలా, “మీరు రివ్యూ చేస్తున్నారా, పెళ్లిచూపుల్లో పిల్లకు వంకలు పెడుతున్నారా?” అన్నాడు.

“వదిలెయ్యండి సార్. మేడమ్ గారికి కామా కనబడినా కడుపునొప్పే” అన్నాడు కిరణ్.

మళ్లీ రాశాను. ఆ వారమే నా కుర్చీ బాత్రూమ్ తలుపు పక్కకు మారింది. స్థలం సర్దుబాటట. నేను ఒప్పుకోకుండా మార్పు కలపరులే అనుకున్నాను.

ఒకరోజు భోజనాలయ్యాక శ్రీశైలం ఫోన్ చేశాడు. కస్టమర్ల దగ్గరకెళ్లి సర్వర్లు బిగించే మనిషి. గౌడవెల్లి నుంచి బైక్ మీద వచ్చేవాడు. సామ్యూల్ గారు పోయాకే మా దగ్గర చేరాడు. ఆ రోజు శామీర్‌పేట దగ్గర, లాల్‌గడి మలక్‌పేట్‌లోని ఒక విత్తనాల ల్యాబ్‌లో ఉన్నాడు. అక్కడి మేడమ్ వరి రకాలు వేసి, నాట్ల నుంచి కోత దాకా పొలంలో తీసుకున్న కొలతలన్నీ ఒకే డిస్కులో ఉన్నాయి. ఇంకో కాపీ లేదు. కాపీ చేయడానికే శ్రీశైలం కొత్త డిస్కు పట్టుకెళ్లాడు. ఆ కొలతలు పోతే మళ్లీ విత్తి, మళ్లీ వానలకోసం ఎదురుచూడటమే.

“మేడమ్, రెండు డిస్కులు ఒక్క తీరే ఉన్నయి. ఏది పాతదో ఏది కొత్తదో సమజైతలేదు. ఉత్తగ నడిపి చూస్త” అన్నాడు.

చూడమన్నాను. ఎప్పుడూ చేసే పనే అది.

కీబోర్డు చప్పుడు వినబడి ఆగింది. తర్వాత ఒక మగగొంతు. శ్రీశైలంది కాదు.

“చేతులు ఒళ్లె వెట్టుకో బిడ్డా.”

టూల్ పేరు అక్షరం అక్షరం చదివింది. తర్వాత ఎన్ అని కొస సాగదీసింది. ఆగిపోయింది.

నాకు భయం వెయ్యలేదు. ఒళ్లు మండిపోయింది. కిరణ్ కూడా అక్కడికి వెళ్లాడనీ, పోయిన మనిషిని కస్టమర్ ముందు కూడా వెక్కిరిస్తున్నాడనీ అనుకున్నాను. ఫోన్ కిరణ్‌కివ్వమని అరిచాను.

“కిరణ్ సార్ ఈడెందుకుంటడు మేడమ్?”

తలెత్తాను. కిరణ్ నాకు ఎదురుగానే ఉన్నాడు. ఎగ్ పఫ్ తింటూ, నా అరుపుకి ఇటే చూస్తున్నాడు.

“మరి చదువుతున్నదెవరు?” అన్నాను.

“మీ దిక్కు నుంచే గద. ఈడ స్పీకర్ల ఇనవడ్తాంది. పెద్దసారెవరో చేతులు తియ్యమంటే తీసిన. ఎన్ కాడ ఆగిండు. ముంగటికి జల్దీ చదువుమనుండ్రి. ల్యాబ్ మేడమ్ నన్ను పరేషాన్ జేస్తాంది.”

ఎన్ తర్వాత ఏముందని అడిగాను. ఎఫ్ అన్నాడు. టూల్ ఎక్కడిదని అడిగాను. పొద్దున కిరణ్ సార్ కొత్త సీడీ ఇచ్చాడన్నాడు.

కలిపేశారన్నమాట. నాతో ఒక్క మాట చెప్పకుండా కలిపేసి, కస్టమర్‌కి కూడా పంపేశారు.

“ఎంటర్ ముట్టుకోకు. ఆ లైను మొత్తం చెరిపెయ్యి” అన్నాను. చెరిపేశాడు. తర్వాత తన బ్యాగులోనే ఉన్న పాత సీడీలోని టూల్‌తో చూశాడు. అంతకుముందు అతను కొట్టిన పేరు కొలతలున్న డిస్కుదే.

ఇక నేను ఆరా తీసినవి చెబుతాను. ఆ గదిలో శ్రీశైలం, ల్యాబ్ మేడమ్ తప్ప ఎవరూ లేరు. నా వైపు రిసీవర్ నా చెవి దగ్గరే ఉంది. కిరణ్‌కి వినబడింది నా అరుపొక్కటే. శ్రీశైలం సామ్యూల్ గారిని ఎన్నడూ చూడలేదు. పైకి చదివే పద్ధతి ఉండేదనే అతనికి తెలియదు. మర్నాడు ల్యాబ్ మేడమ్ తనే ఫోన్ చేసి, “మీ ఆఫీసులో చదివిన పెద్దాయన పాస్టరుగారాండీ? భలే స్పష్టంగా చదివారు” అంది.

లైన్లు కలిసిపోయి ఉంటాయన్నాడు మేనేజర్. నిజమే, ఆ రోజుల్లో ఫోన్‌లో ఎవరెవరి మాటలో వినబడేవి. ఒకసారి ఎవరో అత్తాకోడళ్ల గొడవ మొత్తం విన్నాను. కానీ మా టూల్ పేరు అక్షరాలతో సహా చదివే ఆ పరాయి మనిషెవరో చెప్పమన్నాను. అతను కిరణ్ మార్పును మాత్రం చడీచప్పుడు లేకుండా తీసేసి, సమయానికి తానే కనిపెట్టానని మీటింగులో చెప్పుకున్నాడు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

ఒక ఆదివారం మేడ్చల్ వెళ్లి సామ్యూల్ గారి భార్య సుగుణక్కకు అంతా చెప్పాను. ఆమె గుమ్మంలో కూర్చుని చివరిదాకా విన్నది.

“గొంతు ఎట్లుండె? దమ్ము తీసుకునుడు కష్టమైతుండెనా?”

“లేదక్కా. బాగానే ఉంది.”

ఆమె ముఖం ఎర్రబడింది. “రాత్రి దీపం ఆర్పినంక ఒక్క మాట మాట్లాడయ్యా అని నేనెన్నిసార్లు అడిగిన. ఒక్కనాడు ఇనవడలె. మీ ఆఫీసుకు పోయిండా? మట్టి వెయ్యనీకి గూడ రానోళ్ల పని జేసెటందుకు పోయిండా?”

ఆ గొంతు నా వైపు నుంచి రాలేదు, శ్రీశైలం వైపు నుంచీ రాలేదు. అంతకుమించి ఈరోజుకీ నాకేమీ తెలియదు.

సుగుణక్క లేచి లోపలికెళ్లి తలుపు వేసుకుంది. మంచినీళ్లు తాగుతావా అని కూడా అడగలేదు. దానికి మాత్రం నాకు కోపం లేదు.