పంపు కింద పడేసిన పలక

ఆమెను వీధిలో ఎవరూ పేరుతో పిలవరు. చిన్నా పెద్దా అందరికీ బూడిదక్కే. మొదట్లో అది ఎగతాళి. ఇప్పుడు అలా పిలిస్తే తలెత్తి మరీ పలుకుతుంది.

కరెంటు ఫ్యాక్టరీ వెలుగులు నగరమంతటికీ, బూడిద మాత్రం ఈ వీధికి. ఇదేం న్యాయమని అడిగిన నాథుడు లేడు. పిండికన్నా మెత్తటి ఆ బూడిద ఆరేసిన బట్టల మీదా, పిల్లల గుండెల్లోనూ పేరుకునేది. సిమెంటు పలకలు పోసి బతికే ఆమె దాన్ని పిడికిట పట్టి చూసింది. సిమెంటు కొంత తగ్గించి, ఆ మేరకు ఇది కలిపితే? సిమెంటు తయారీకి లేచే పొగ తగ్గుతుంది, ఫ్యాక్టరీవాళ్లు వీధి పక్కన పోసిన బూడిద గుట్టా కరుగుతుంది. పైగా వీధిలో మురుగుకాలువకు మూతల్లేవు. ఆమె కూతురు అందులోనే పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ కాలువను తన చేత్తోనే మూయాలని ఆమె పంతం.

"నీళ్ల ట్యాంకరు ఎక్కినా నిలిస్తే సరే" అన్నారు వీధివాళ్లు. బూడిద కలిపిన పలక పోసి, వారం తిరక్కుండానే పరీక్ష పెట్టించింది. చక్రం ఎక్కిందో లేదో, పలక మూల బిస్కెట్‌లా విరిగింది.

"బూడిదలో పోసిన పన్నీరంటే ఇదేనే పిల్లా!" పకపకా నవ్వాడు మేస్త్రీపని చేసే మేనమామ. "గాలికి ఎగిరేది చక్రానికి ఆగుతుందా?"

కాలువ ఇంకా నోరు తెరుచుకునే ఉంది.

విరిగిన పలకను ఆమె అత్తగారు ఈడ్చుకెళ్లి, ఎప్పుడూ కారే పెరటి పంపు కింద వేసింది. "బట్టలు ఉతుక్కోడానికి పనికొస్తుందిలే. పనికిరానిదంటూ ఏదీ ఉండదమ్మా, నా కొడుకు తప్ప!"

నెలలు గడిచాయి. పంపు దిమ్మె బాగుచెయ్యడానికి వచ్చిన మేనమామ, అడ్డంగా ఉందని ఆ పలక మీద సుత్తి వేశాడు. ఖంగుమంది. ఇంకాస్త బలంగా వేశాడు. సుత్తి ఎగిరి వెనక్కొచ్చింది, చెయ్యి జివ్వుమంది.

"ఏం కలిపావే ఇందులో?"

"అదే బూడిద, మామయ్యా. ఆ రోజు విరిగిన పలకే ఇది."

అంటూనే ఆమె కారుతున్న పంపు వైపు చూసింది. గుట్టు అక్కడుంది. బూడిద కలిపిన కాంక్రీటుది నిదానం మీద వచ్చే బలం. తడి ఉన్నన్నాళ్లూ గట్టిపడుతూనే ఉంటుంది. తనేమో మామూలు పలకల్లాగే ఎండకు వదిలేసి, పచ్చిదాన్ని చక్రం కిందికి తోసింది.

మళ్లీ పోసింది. ఈసారి తడి గోనెసంచులు కప్పింది. దారిన పోయేవాళ్లంతా తలా చెంబెడు నీళ్లు పోశారు. మేనమామ అయితే బకెట్లు మోశాడు.

ఈసారి తొందరపడకుండా, తనకు నమ్మకం కుదిరాకే ట్యాంకరును రమ్మంది. నిండు ట్యాంకరు పలక మీదే ఆగింది. డ్రైవరు దిగి, వంగి చూశాడు. వెంట్రుకంత బీట లేదు.

"బూడిదలో పన్నీరు పోస్తే ఏం లాభం, మామయ్యా? నీళ్లు పోయాలి. అదీ ఓపిగ్గా!"

"నా నోటికి మూతేశావు కదే" అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.

గుట్ట ఇంకా ఉంది. పోసినవాళ్లే తియ్యాలని ఫ్యాక్టరీ గేటు ముందు ఆమె అడుగుతూనే ఉంది. కాలువ మాత్రం ఆ చివర నుంచి ఈ చివర దాకా మూసుకుంది. దాని మీద కూతురు గెంతుతూ బడికి పోతుంటే వీధి వీధంతా చూస్తుంది.

ఆ పాత పలకను గుర్తుగా వీధి మొదట్లో నిలబెడదామని వీధివాళ్లు అడిగితే అత్త ససేమిరా అంది.

"మరి నా బట్టలెక్కడ ఉతకను?"