యాదగిరి నవ్వు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది ముహూర్తాలన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా వీడియో ఎడిటింగ్ షాపులో కాలు పెట్టే చోటు లేదు, ఎటు చూసినా హార్డ్‌డిస్కులే. అప్పుడొచ్చాడు యాదగిరి. డీసీఎం వ్యాను నడుపుతాడు, ఉండేది మీర్‌పేట్. ఆయన కూతురు మమత పెళ్ళి వీడియో మా దగ్గరే తయారవుతోంది.

"అన్నా, అప్పగింతలప్పుడు ఫంక్షన్ హాల్ ఎనక జనరేటర్ కాడ నిలవడి ఏడ్సిన. మీ కెమెరాయన తీసిండు. జర తీసెయ్. మా బామ్మర్దులు సూస్తే ఇజ్జత్ పోతది" అన్నాడు.

మాకిది కొత్త కాదు. ఆడవాళ్ళ ఏడుపుకు సన్నాయి కలపమంటారు, మగవాళ్ళ ఏడుపు కోసేయమంటారు. కోసినచోట అతుకు కనబడకుండా వేరేచోట తీసిన షాట్ పెడతాం. దాన్నే కట్‌అవే అంటాం. భోజనాల దగ్గర యాదగిరి వియ్యంకుడితో పగలబడి నవ్వుతున్న షాట్ ఒకటి దొరికింది. చక్కగా కుదిరింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. తర్వాత డిస్కు ఖాళీ చేసినప్పుడు ఆ ఏడుపు ముక్క కూడా చెరిపేశాను.

రెండేళ్ళకు కవిత అనే ఆర్టిస్టు వచ్చారు. మగతనం మీద మల్టీమీడియా ఇన్‌స్టలేషన్ చేస్తున్నారట. అంటే గోడకు బొమ్మ తగిలించడం కాదు, గదినిండా తెరలూ హెడ్‌ఫోన్లూ పెట్టి చూసేవాళ్ళను వాటి మధ్య నడిపించడం.

"మగవాళ్ళు తీసేయమన్న ఏడుపులు కావాలండీ. వాళ్ళు ఒప్పుకుంటేనే" అన్నారు.

ముక్క లేకపోయినా మాటల్లో చెబుతాడేమోనని యాదగిరికి ఫోన్ చేసి, ఆవిడ అడిగిన సంగతి చెప్పాను.

"ఆ ముక్క ఉన్నదా అన్నా? కారెక్కేటప్పుడు బిడ్డ నాకోసం ఎతికిందంట. వీడియోల సూస్తే నేను నవ్వుకుంట ఉన్న. 'నేను ఏడ్సుకుంట పోతుంటే నువ్వు నవ్వుతున్నవ్ నాయినా' అంటది. ఎంత చెప్పినా నమ్మదు. జర సూపియ్యాలె."

ఆ ముక్క చెరిపేశానని చెప్పాను.

ఎల్‌బీ నగర్‌లో ఒక ఖాళీ షోరూంలో ప్రదర్శన పెట్టారు. కవిత గారు యాదగిరి కోసం పెట్టిన తెరను నల్లగా వదిలేసి, ఆ రోజు సంగతి ఆయన నోటితోనే చెప్పించి హెడ్‌ఫోన్లలో పెట్టారు. తండ్రితో వచ్చిన మమత విన్నది. మళ్ళీ ఒకసారి విన్నది. కళ్ళు తుడుచుకుని తండ్రి వైపు తిరిగింది.

"ఏడ్సింది తీసెయ్యమన్నవ్, సరే. నవ్వేది పెట్టమన్నది గూడ నువ్వేనా నాయినా?"

యాదగిరి నా వంక చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల దించుకున్నాను.

"నేనే బిడ్డా" అన్నాడాయన.

'కాదమ్మా, ఆ పని నాది' అంటే సరిపోయేది. అనలేదు. ఆయన పరువు కాపాడానని అన్నాళ్ళూ అనుకుంటూ వచ్చినవాణ్ణి, నా పరువు ఆయన కాపాడుతుంటే తల దించుకునే నిలబడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు ఎవరైనా ఏడుపు తీసేయమంటే తీస్తాను గానీ, ఆ చోట నవ్వు పెట్టను. తీసిన ముక్క చెరపను. మమత నంబరు నా ఫోన్లో ఉంది. ఇంకా చేయలేదు.