హీర్యా కారు కుడి లైటు

హీర్యా ప్రమాణం చేయాల్సింది ఆ రోజు సాయంత్రమే. పొద్దున ఎనిమిదింటికే తన పాత అంబాసిడర్‌ను దంతాలపల్లిలో ఉప్పలయ్య షెడ్డు ముందు ఆపి, దిగకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఉప్పలయ్య ఆ చుట్టుపక్కల కార్లకూ ట్రాక్టర్లకూ వైరింగు పని చేసే మనిషి. ఇరవై రోజుల్లో హీర్యా అతని దగ్గరికి రావడం ఇది నాలుగోసారి.

"మళ్ల అదేనా?" అన్నాడు ఉప్పలయ్య.

"అదే అన్నా. ఎనక కుడి ఇండికేటరు. ఒక్కపారి సక్కగ జూడు. ఇయ్యాల తేలకపోతే నేను సచ్చినట్టే."

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సులు డిపో గేటు దాటడం లేదు, రైళ్లు ఎప్పుడు కదులుతాయో డోర్నకల్‌లో అడిగినా చెప్పే నాథుడు లేడు. అలాంటప్పుడు హీర్యా ఉండే లంబాడీ తండాకు దిక్కు అతని కారే. తండా పిల్లల్లో సగం మంది దవాఖానకు పోయే దారిలో ఆ కారు వెనుక సీట్లోనే పుట్టారని చెప్పుకుంటారు. కాస్త ఎక్కువ చేసి చెబుతారు గానీ, ఇద్దరి విషయం మాత్రం నిజం. హీర్యా తాగడు, తొందరపడడు. అతని కారెక్కే బదులు నడిస్తే ముందే చేరతామని ఆడవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. పద్దెనిమిదేళ్లలో ఆ కారు కింద కోడిపిల్ల కూడా పడలేదు.

అలాంటి మనిషి ఇరవై రోజుల కింద, ధర్నా నుంచి జనాన్ని తీసుకొస్తూ, పట్టపగలు తండా దారిలోకి కుడివైపు మలిపాడు. వెనుక మోటారు సైకిలు మీద వస్తున్న ధర్మా, కారు నెమ్మదించింది కదా అని కుడి పక్కనుంచి దాటబోయి తలుపుకు గుద్దుకున్నాడు. ధర్మా పరాయివాడు కాదు, హీర్యా భార్య రామికి సొంత తమ్ముడు. ఇరవై నాలుగేళ్లవాడికి మోకాలి కింద కాలు తీసేశారు.

"బావ లైటెయ్యకుండ మలిపిండు," అన్నాడు ధర్మా స్పృహ రాగానే. హీర్యా మాత్రం వేశాననే అన్నాడు. టిక్ టిక్ అని మోగడం అతను చెవులారా విన్నాడు. తండా హీర్యా మాటే నమ్మింది. నమ్మి ఊరుకుంటే బాగుండేది. ధర్మా తాగి ఉంటాడని ఎవరో అన్నారు, రెండు రోజుల్లో అది అందరూ కళ్లారా చూసిన సంగతైపోయింది. సారా వాసనకే ముక్కు మూసుకునే పిల్లవాడి మీద ఎంత నిర్దయగా నోరు పారేసుకున్నారో!

చివరికి తండా పెద్ద నాయక్ తీర్పు చెప్పాడు. తండా దేవత మేరామ తల్లి గద్దె మీద చెయ్యి పెట్టి, లైటు వెలిగిందని హీర్యా ప్రమాణం చేయాలి. చేస్తే గొడవ అక్కడితో ముగుస్తుంది, అబద్ధాలకోరన్న పేరు ధర్మాకు మిగిలిపోతుంది. రామి అటు తమ్ముణ్నీ ఇటు మొగుణ్నీ కాదనలేక మాట్లాడటమే మానేసింది.

హీర్యాను తినేస్తున్న సంగతి ఒక్కటే. చప్పుడు విన్నాడు నిజమే, కానీ వెనుక లైటు వెలిగిందో లేదో అతను చూడలేదు. ముందు కూర్చున్నవాడికి వెనుక లైటు ఎలా కనిపిస్తుంది? తెలియకుండా తల్లి గద్దె మీద చెయ్యి ఎలా పెట్టాలి? అందుకే షెడ్డు చుట్టూ తిరుగుతున్నాడు. అయితే వచ్చిన ప్రతిసారీ, ఏ లోపమూ దొరకకూడదని లోపల్లోపల మొక్కుకున్నాడు కూడా. ఆ మొక్కు తలచుకుంటే అతనికే సిగ్గేసేది.

ఉప్పలయ్య మొదటిసారి బల్బు మార్చాడు. రెండోసారి లైటును టిక్ టిక్‌మని వెలిగించి ఆర్పే ఫ్లాషర్ మార్చాడు. మూడోసారి స్టీరింగు కింది స్విచ్చు విప్పి తుడిచాడు. మూడుసార్లూ ఇద్దరూ కారు వెనుక పక్కపక్కనే నిలబడి చూశారు. లైటు చక్కగా వెలిగి ఆరి, వెలిగి ఆరి, వాళ్లను వెక్కిరించింది.

"తండా మలుపుల గా రోజు ఎట్ల జేసినవో గట్లనే జేసి సూపియ్యి," అన్నాడు ఉప్పలయ్య ఈసారి. తను వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

హీర్యా ఇంజను వేశాడు. స్విచ్చు కిందికి నొక్కాడు. టిక్ టిక్ మొదలైంది. మలుపు దగ్గర చేసినట్టే బ్రేకు తొక్కాడు.

"ఆగు! కాలు తియ్యకు!" వెనుక నుంచి ఉప్పలయ్య అరిచాడు. "ఇప్పుడు తియ్యి. మళ్ల తొక్కు."

హీర్యా కాలు తీసి, మళ్లీ తొక్కాడు. తర్వాత ఉప్పలయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు. "బ్రేకు తొక్కితే ఆరిపోతుందిరా హీర్యా. ఇన్ని రోజులు ఇద్దరం ఎనకనే నిలవడితిమి. బ్రేకు తొక్కెటోడు ఎవడుండె?"

మలిపేటప్పుడు బ్రేకు తొక్కనివాడు ఉంటాడా?

ఆ లైటు కరెంటును కారు రేకులోకి తిరిగి పంపే ఎర్త్ వైరును నాలుగేళ్ల కింద ఉప్పలయ్యే వెనుక నంబరు ప్లేటు బోల్టుకు బిగించాడు. ఇప్పుడు బోల్టు విప్పి చూస్తే వైరు చివరి రింగు మీదా, దాని కింది రేకు మీదా దళసరిగా నల్లరంగు. రంగు అడ్డమై రేకుకు తగలక, వైరు బోల్టు మర దగ్గర ఎక్కడో కాస్త అంటుకుని ఉంది. ఒక్క లైటుకు ఆ కాస్తా సరిపోతోంది, బ్రేకు లైటు కూడా తోడైతే చాలడం లేదు.

"గీ రంగు ఎవడేసిండు?"

సమ్మె మొదలైన రోజు ఊరూరా బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ అని రాసుకున్నారు. చాలామంది స్టిక్కరు అంటించి ఊరుకున్నారు. హీర్యాకు సగం పని నచ్చదు. ప్లేటు ఊడదీసి, నల్లరంగు కొట్టి, తెల్లగా టీజీ అని తనే రాశాడు. తుప్పు పట్టిన రేకునూ, అడ్డమొచ్చిన వైరునూ కూడా వదలకుండా రెండు పూతలు పూశాడు. ఆ రోజు రాష్ట్రం వచ్చేసినంత సంబరపడ్డాడు.

"నేనే అన్నా," అన్నాడు చివరికి. "నా చేత్తోనే."

ఉప్పలయ్య గరుకు కాగితంతో రంగంతా గీకేసి, రింగు మళ్లీ బిగించాడు. బ్రేకు తొక్కినా ఇప్పుడు లైటు ఆగడం లేదు. "ఇగ సక్కగైంది. నేనైతే ఎవ్వలకు చెప్ప," అన్నాడు తల దించుకుని. "నీ ఇష్టం."

హీర్యా తండాకు పోలేదు. తిన్నగా మానుకోట దవాఖానకు పోయాడు. దారి పొడుగునా ఏడుస్తూనే నడిపాడు.

దవాఖాన మంచం మీద ధర్మా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బావను చూసి నవ్వడానికి ప్రయత్నించాడు.

"మంచిగొచ్చినవు బావా. నీతోని ఒట్టు పెట్టియ్యద్దని పొద్దుగాలనే నాయక్‌కు కబురు పంపిన. తప్పు నాదే అన్న. అందరు అట్లనే అంటున్నరంటే నేనే సక్కగ జూడలేదేమో. నువ్వు అబద్ధమాడవు గద."

ఇక ప్రమాణం లేదు. అడిగేవాడూ లేడు. ఒక్క మాట మింగేస్తే చాలు, బతుకంతా గౌరవంగా గడిచిపోతుంది. హీర్యాకు ఆ సంగతి స్పష్టంగా అర్థమైంది. అర్థమైనందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయిరా," అన్నాడు మంచం పట్టె పట్టుకుని. "లైటే వెలగలే. ఎర్త్ వైరు మీద రంగేసిన, నేనే ఆర్పుకున్న. ఇయ్యాల తేలింది."

ధర్మా తిడతాడని, చెయ్యెత్తుతాడని హీర్యా ఎదురుచూశాడు. కొడితే బాగుండనిపించింది. ధర్మా కొట్టలేదు. దుప్పటి కింద కాలు లేని చోట చెయ్యి వేసుకుని, చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"నాయక్‌కు తర్వాత చెప్పు బావా," అన్నాడు ఏడుపు మధ్యలో. "ముందుగాల నన్ను గన్న మా యాడికి చెప్పు. నీ కొడుకు తాగలేదని చెప్పు. ఆమె గూడ నమ్మింది."