మగ్గం ఎవరి వాటా

చౌడేశ్వరికి విడాకుల కన్నా మగ్గం దిగులే ఎక్కువగా ఉండింది. మొగుడు హనుమంతుతో పొసగక రెండేళ్లుగా ధర్మవరంలో ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు నడుస్తున్నాయి. ఆ ఇంట్లోని గుంత మగ్గం మీదే ఆమె పట్టుచీరలు నేస్తూ కూతురిని చదివిస్తోంది. అది పోతే ఆమెకు వేరే పని చేతకాదు.

ఇద్దరూ ఇష్టపడే విడిపోతున్నారు కనుక ఆస్తులూ అప్పులూ మీలో మీరే తేల్చుకుని రండి, కోర్టులో పని సులువవుతుంది అన్నాడు వకీలు. తేల్చడానికి కులపెద్ద కుళ్లాయప్ప వచ్చి కూర్చున్నాడు. మంచివాడే. ధర్మం తప్పకూడదని మహా పట్టుదల. అలాంటివాళ్లతోనే ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది.

"మగ్గం హనుమంతు నాయన చేయించింది, వానికే. దాని మీదుండే జకార్డు నీ కమ్మలమ్మి కొన్నది గదమ్మా, అది నీకు. పొదుపు సంఘం అప్పు నీ పేరు మీద ఉండాది, నువ్వే కట్టుకోవల్ల. ఆటో వాని పేరు మీద ఉండాది, వానిది. ఎవురిది వాళ్లకు. సరిపాయెనా?"

చుట్టూ చేరిన నలుగురూ తలలూపారు. అందరూ మగ్గాల మధ్య పుట్టి పెరిగినవాళ్లే. అంచులో బుటా తీసే జకార్డు, మగ్గం లేకపోతే మూలన పడుండే పెట్టె అని తెలియనివాళ్లు కాదు. వాటాలు సమానంగా కుదిరాయన్న సంబరంలో నేత సంగతి మరిచారు, అంతే. చౌడేశ్వరి తరఫున మాట్లాడతానని పెనుకొండ నుంచి వచ్చిన అన్న గోడకేసి చూస్తున్నాడు.

వాకిట్లో కండెలు చుడుతున్న అత్త ఆదిలక్ష్మి రాట్నం ఆపింది.

"ఏమప్పా కుళ్లాయప్పా, ఒగ మాట అడగతా. నా కొడుకు ఆ గుంతలో కాళ్లు పెట్టి ఎన్నేండ్లాయ?"

"నువ్వు ఊరుకోమ్మా" అన్నాడు హనుమంతు.

"యాడ ఊరుకునేదిరా? మీ నాయన నేర్పబోతే నడుము నొప్పంటివి. నేర్చుకున్నది ఈ యమ్మి. సంఘంలో లోను ఎత్తింది నీ ఆటోకి కాదా? పాలు నీకు, పేడ దీనికా?"

హనుమంతు మొహం కందగడ్డ అయింది. అతను చెడ్డవాడేం కాదు, ఒళ్లు వంగనివాడు. కాసేపు తల గోక్కుని, "ఆటో లోను నేనే కడతాలే. మగ్గం కూడా తీసుకోనీ. నేనేం చేసుకుంటా దాన్ని?" అన్నాడు.

చౌడేశ్వరి ఊపిరి పీల్చుకుంది. "అట్లయితే మగ్గం మీద సావుకారి దగ్గర తెచ్చిన అడ్వాన్సు నాదే. అది నువ్వు కట్టొద్దు" అంది. కుళ్లాయప్ప రాసిన కాగితం చించేసి కొత్తది రాయించాడు.

పక్క వీధిలో ఇల్లు అద్దెకు దొరికింది. గుంత తవ్వించి మగ్గం దించింది. తొలి పడుగు ఎక్కించే రోజు, పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుక్కుంటూ రావాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదు. ఎవరిని పిలవాలా అని ఆమె చూస్తుండగానే ఆదిలక్ష్మి పిలవకుండా వచ్చి మగ్గానికి అవతలి వైపు కూర్చుంది.

చౌడేశ్వరికి కళ్లనీళ్లు ఆగలేదు. కడుపున పుట్టినవాణ్ని కాదని నలుగురిలో న్యాయం మాట్లాడడానికి ఎంత గుండె కావాలి! ఈ రోజు తన ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే అది అత్త చలవేనని ఆమె ఎవరడిగినా చెబుతుంది. ఆ రోజు మాత్రం అత్తకు ఆ మాట చెప్పలేక వేరే మాట అంది.

"నువ్వీడికి వస్తే నీ కొడుకు ఏమనుకుంటాడో అత్తా. ఇంగ నీకూ నాకూ చుట్టరికం కూడా లేదు గదా."

ఆదిలక్ష్మి పట్టు జారకుండా బూడిద అద్దుకున్న వేళ్లతో పోగు మెలిపెడుతూ, తలెత్తకుండానే అంది:

"అన్నీ పంచిరి. నన్ను ఎవురి వాటాకూ రాయలే. నా ఇష్టం, నేను యాడైనా కూర్చుంటా. ఆ పోగు ఇట్లియ్యి."