క్యాసెట్టుతో నా కొట్లాట

పట్టపగలు, నిండు సభలో, నేనొక టీవీతో గొడవపడి ఓడిపోయాను. తప్పు నాది కాదని ఇప్పటికీ నా వాదన. వినండి, తర్వాత మీ ఇష్టం.

తొంభైల చివర్లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏటా అమెరికాలో ప్రోగ్రామర్ల సదస్సు పెట్టేది. మా బెజవాడకు ఆ సదస్సు వీడియో క్యాసెట్టులో వచ్చేది. ఆ ముక్క ఆహ్వానంలో ఎవరూ రాయలేదు. కంపెనీ పెద్దాయన మాట్లాడతారని మాత్రం రాశారు. నేను నమ్మడం నేరమా, మీరే చెప్పండి.

నా బాధ నాది. కైకలూరు చేపల వ్యాపారి వీర్రాజు గారికి లారీ బిల్లులు వేసే ప్రోగ్రాం రాసిచ్చాను. నాకున్న ఒకే ఒక్క కస్టమరు ఆయన. ఆయన కంప్యూటర్లో ఈ కంపెనీ వాళ్ళ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించగానే నా ప్రోగ్రాం మొండికేసింది. బిల్లు లేనిదే లారీ కదలదు, లారీ కదిలేదాకా చేప ఆగదు. ఇక చేత్తోనే రాసుకుంటానన్నారు వీర్రాజు గారు. ఆ వెర్షన్ తయారుచేసినవాడినే మీ ముందు నిలదీస్తానని బతిమాలి, ఆయన్ని గవర్నరుపేటలో హోటలు హాలుకు తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాను.

పెద్ద టీవీ తెర మీద కోటు వేసుకున్న ఆ కంపెనీ దొర ప్రత్యక్షమయ్యాడు. అమెరికా నుంచి నేరుగా మాట్లాడుతున్నాడనుకుని చెయ్యెత్తాను. పట్టించుకోలేదు. లేచి నిలబడి, నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి, పాత ప్రోగ్రాములు ఎందుకు పనిచేయడం లేదని అడిగాను. ఆయన పకపకా నవ్వాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నవ్వుతావేంటయ్యా? ఇక్కడ మా చేపలు కుళ్ళిపోతుంటే నీకు నవ్వులాటగా ఉందా?" అన్నాను, తెలుగులోకి దిగిపోయి.

ఆయన తాపీగా మంచినీళ్ళు తాగాడు. బెజవాడంటే అంత లోకువా అని నేను బల్ల గుద్దేసరికి, నిర్వాహకుడు పరుగున వచ్చి ఏదో మీట నొక్కాడు. దొర గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"చూశారా, ఇప్పుడు వింటున్నాడు" అన్నాను వీర్రాజు గారితో.

"అది క్యాసెట్టు బాబూ" అన్నారాయన, నా చొక్కా పట్టి కూర్చోబెడుతూ. "మా ఇంట్లోనూ ఉంది, అమ్మాయి పెళ్ళిది."

అంతటితో వదిలారా? నా గొడవలో వినపడలేదని టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేశారు. సరిగ్గా అక్కడే మళ్ళీ నవ్వాడు ఆ దుర్మార్గుడు. ఈసారి హాలు హాలంతా ఆయనతో కలిసి నవ్వింది.

మరుసటి ఏడు ఆ సదస్సు హైదరాబాదు వచ్చింది. ఈసారి జవాబు పట్టుకొస్తానని వీర్రాజు గారికి మాటిచ్చి వెళ్ళాను. పెద్ద హాల్లో చివరి వరస దొరికింది. దూరంగా తెర మీద అదే దొర. ప్రశ్నలుంటే అడగమంటున్నాడు. ఒకమ్మాయి మైకు తెచ్చి నా చేతికిచ్చింది. ఒకసారి మోసపోయినవాణ్ణి, మళ్ళీ దొరుకుతానా?

"ఊరుకోమ్మా, అది క్యాసెట్టు" అన్నాను.

మైకులోనే అన్నాను. హాలంతా మారుమోగింది. అప్పుడు కనిపించాడు, తెర కింద వేదిక మీద, బొటనవేలంత మనిషి, అదే కోటు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా ప్రశ్న కోసం వంగి చూస్తున్నాడు. నేను ప్రశ్న గుర్తు తెచ్చుకునేలోపే మైకు పక్కాయన లాక్కున్నాడు.

"ఏమన్నాడు?" అన్నారు వీర్రాజు గారు, నేను కైకలూరులో దిగగానే.

"అడగమన్నాడండీ."

సదస్సులో ఇచ్చిన సంచీ ఆయన చేతిలో పెట్టాను. చేత్తో రాసే బిల్లు పుస్తకాలు అందులో సర్దుకున్నారు.

కనుక సకల జనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత గొప్పవాడితోనైనా సరే, ముందు గిల్లి చూశాకే గొడవపడతాను.